శేరుకు ఎన్ని గ్రాములు

పిండిమర నుంచి అప్పుడే వచ్చిన బియ్యప్పిండి సంచిలో చెయ్యి పెడితే మణికట్టు దాకా వెచ్చదనం పాకుతుంది. కాస్త మాడిన బియ్యం వాసన, మరలోని ఇనుము వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. నిన్న పొద్దున కూడా అలాగే తగిలాయి. తూకం మిషను మీద గిన్నె పెట్టి పిండి పోయబోతున్నదాన్ని ఆగిపోయాను. వేడి పిండిని కొలవకూడదని నాకు చెప్పింది అంజినమ్మత్త. మర నుంచి వచ్చిన పిండి పొంగి ఉంటుంది, శేరు తొందరగా నిండిపోతుంది, నిండిందని మనం మురిసిపోతాం, తీరా అది చల్లారి దిగాక చూస్తే అందులో సరుకు తక్కువ. తూకానికి ఆ పట్టింపు లేదని నాకు తెలుసు. వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా కిలో కిలోనే. అయినా ఆమె పోయి రెండేళ్ళు దాటినా వేడి పిండిలో గిన్నె ముంచలేను. సంచి మూతి విప్పిపెట్టి, అది చల్లారేదాకా వేరే పని చూసుకుంటాను.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. రాప్తాడులో హైవే దిగి ఊళ్ళోకి మళ్ళగానే ఒక రేకుల షెడ్డు, అందులో మూడు కట్టెల పొయ్యిలు, పొయ్యిల వెనక సన్నగా పొడుగ్గా ఒక మనిషి. ఆమె చేసేది నిప్పట్లు. బియ్యప్పిండిలో పుట్నాల పిండి, వేయించి బరకగా దంచిన వేరుశనగ పొడి, కారం, నువ్వులు కలిపి, కాగిన నూనె పోసి, నీళ్ళతో తడిపి, అరచేతిలో బిళ్ళగా తట్టి వేయిస్తారు. చెప్పడానికి అంతే. చేయడానికి కూర్చుంటే తెలుస్తుంది. వేరుశనగ పొడి ఒక పిడికెడు తగ్గితే నిప్పట్టు రాయిలా తయారవుతుంది, ఒక పిడికెడు ఎక్కువైతే బాణలిలోనే విచ్చుకుని నూనె తాగి బురదవుతుంది. అంజినమ్మత్త నిప్పట్లు పంటి కింద పటుక్కుమని విరిగి, మరుక్షణం నాలుక మీద కరిగిపోయేవి. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెళ్ళి జరిగినా, బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు సారెలో ఆమె నిప్పట్లు ఉండాల్సిందే. ఆమెకు పిల్లలు లేరు. మొగుడు లారీ మీద పోయి పోయి ఒకరోజు తిరిగి రాలేదు. ఉన్నదల్లా ఆ చెయ్యి, ఒక ఇత్తడి శేరు.

ఆమె గురించి రాయమని నన్ను చాలామంది అడిగారు. ఆమె శిష్యురాలినని, ఆమె పని నిలబెట్టిన దాన్నని వాళ్ళ అభిప్రాయం. రాస్తే మాత్రం నిజమే రాయాలి. ఆమె చేతి కింద పని నేర్చుకున్న ఆరేళ్ళలో నాలుగేళ్ళు నేను కుళ్ళుతోనే బతికాను. వంట నేర్చుకున్నానో లేదో గానీ, పక్కమనిషికి దక్కిన దానిని చూసి కడుపు మండటం మాత్రం బాగా నేర్చుకున్నాను.

నేను ఇంటర్ పాసై, పెళ్ళి చేసుకుని రాప్తాడు వచ్చినదాన్ని. మా ఆయనకు ఎనిమిదెకరాల మెట్ట. మూడేళ్ళు వరసగా వేరుశనగ విత్తనం వేసి, ఆకాశం వైపు చూసి, చివరికి ఆ ఎండు కట్టె పీకి గొడ్లకు వేశాం. అప్పుడు అంజినమ్మత్త షెడ్డులో పనికి చేరాను. మొదటి రోజు ఆమె పిండి కొలుస్తుంటే పక్కన నిలబడి చూశాను. మొదటి శేరును ఒకటి అనదు, లాభం అంటుంది. తర్వాత రెండు, మూడు, నాలుగు. మా నాయన కూడా కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు అలాగే అనేవాడు గనుక అది నాకు వింత కాలేదు. వింతగా తోచింది ఆమె చెయ్యి. బియ్యప్పిండి అయితే శేరు నింపి, నేల మీద మూడుసార్లు తట్టి, అంచు దాకా చేత్తో కొట్టేస్తుంది. పుట్నాల పిండి అయితే తట్టదు, పైన గోపురంలా లేచినా తుడవదు. వేరుశనగ పొడి అయితే పైనుంచి వదులుగా రాల్చుకుంటుంది. అన్నీ శేరే, కానీ ఒక శేరుకు ఇంకో శేరుకు పోలిక లేదు. ఎందుకలా అని అడిగితే, ఎట్లా అని ఎదురు అడిగింది. తాను అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు.

నెల తిరగకముందే నేను నా చేతులతో రెండు విడతలు పాడుచేశాను. అందుకే చుట్టాల కిరాణా అంగడిలో పాతది ఒక తూకం మిషను అడిగి తెచ్చుకున్నాను. ఆమె శేరుతో కొలిచిన ప్రతిదాన్నీ పొయ్యి దగ్గరికి పోకముందే తూచి, ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి తూచి ఊరుకోలేదు, ఒక్కొక్క సరుకును అయిదేసి రోజులు తూచాను. బియ్యప్పిండి శేరు ఆరువందల యాభై గ్రాములు. పుట్నాల పిండి శేరు నాలుగువందల ఎనభై. వేరుశనగ పొడి మొదటిసారి నేనే శేరులో అదిమి నింపి తూచితే ఆరువందల నలభై వచ్చింది. ఆమె చూసి తల కొట్టుకుంది. అదిమితే పొడిలోంచి నూనె దిగుతుందట, దాన్ని గాలిలా రాల్చాలట. అలా రాల్చి తూచితే నాలుగువందల యాభై. రెండూ రాసుకుని, ఒకదాని పక్కన అదిమి అని, ఇంకోదాని పక్కన వదులుగా అని గుర్తు పెట్టుకున్నాను.

ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. తన చేతి నేర్పును అంకెల్లోకి దించుతున్నందుకు ఏ గురువుకైనా వస్తుంది. ఆమె మాత్రం పొయ్యిలో కట్టె ఎగదోస్తూ నా పుస్తకం వైపు చాలాసేపు చూసింది. చదువు రాదు గనుక ఆ గీతలు ఆమెకు చీమల బారే.

"రాసుకోమ్మే సుజాతా, బాగా రాసుకో. నేను సచ్చినాక నా చెయ్యి నీకు యాడ దొరుకుతాది?" అంది.

ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు. ఆమె పోయాక ఆమె పని నాది అనే కదా దానర్థం అనుకున్నాను. ఆమె దగ్గర ఆ మొదటి రెండేళ్ళు నా బతుకులో చాలా సంతోషంగా గడిచిన రోజులు. తూచిన అంకెలతో నేను చేసిన నిప్పట్లు ఆమె నిప్పట్లకు దగ్గర దగ్గరగా వచ్చాయి. దగ్గర దగ్గరగా అంటున్నాను. అచ్చం అలాగే అనడానికి ఇప్పటికీ నోరు రాదు.

అప్పుడు గంగ వచ్చింది. బుక్కరాయసముద్రం చెరువు అవతల గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. చెరువు ఎండి మేత కరువై వాళ్ళ నాయన సగం మందను అమ్ముకున్నాక, పెళ్ళయి రాప్తాడు చేరింది. వయసులో నాకంటే ఆరేళ్ళు చిన్నది. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. పొయ్యి ఊదడానికి, గిన్నెలు తోమడానికి అని చేరింది. మాట తక్కువ. నన్ను అక్కా అని, ఆమెను అత్తా అని పిలిచేది. మూడో రోజు అంజినమ్మత్త నీళ్ళు పోయడానికి లేచినప్పుడు గంగ పిండిలో చెయ్యి పెట్టి, అయిదువేళ్ళ సందుల్లోంచి రెండుసార్లు జారవిడిచి, ఇంకో గుప్పెడు పుట్నాల పిండి వేసింది. ఎవరూ వేయమనలేదు. అంజినమ్మత్త తిరిగి వచ్చి అదే పిండిలో చెయ్యి పెట్టి, ఎవరు వేశారని అడిగింది. గంగ భయపడి నేనే అంది. ఆమె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వేళ్ళు ముడిచి విప్పి చూసింది. తర్వాత నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను రెండేళ్ళలో చూడలేదు.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ మాట ఎవరో నాలాంటి మనిషి కడుపు మండి అని ఉంటుంది. నేను రెండేళ్ళు నిద్ర మానుకుని తూచి, రాసి, కూడి, భాగించి పట్టుకున్నది గంగ మూడు రోజుల్లో వేళ్ళ సందుల్లో పట్టుకుంది. పైగా తానేదో పట్టుకున్నానని కూడా ఆ పిల్లకు తెలియదు. అదే నాకు ఎక్కువ మంట. గర్వపడి ఉంటే తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. అంజినమ్మత్త ఆ రోజు నుంచి పిండి కలిపేటప్పుడు గంగను పక్కన కూర్చోబెట్టుకుంది. నన్ను పక్కకు నెట్టిందా అంటే లేదు, సరుకు తూచడం, రాయడం, అంగళ్ళకు పంపడం అన్నీ నా చేతిలోనే పెట్టింది. బయటివాళ్ళకు నేనే పెద్దదాన్ని. కానీ పిండి దగ్గర ఆ ఇద్దరి చేతులూ ఒకే పళ్ళెంలో తిరుగుతుంటే, పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ నాకు పరాయి ఇంటి కిటికీలోంచి చూస్తున్నట్టు ఉండేది.

గంగ వచ్చిన ఏడాది తర్వాత అనుకుంటాను, వానలు సరిగా పడక వేరుశనగ గింజ కట్టలేదు. మార్కెట్‌కు వచ్చిందంతా ముడుచుకుపోయిన సన్న గింజ. నేను మామూలుగా నా అంకెల ప్రకారం తూచి కలిపాను. నిప్పట్లు గట్టిగా వచ్చాయి. మళ్ళీ తూచాను, మళ్ళీ గట్టిగానే వచ్చాయి. తూకం మిషను పాడైందేమోనని కిరాణా అంగడికి పోయి కిలో రాయి పెట్టి చూసుకుని వచ్చాను. మిషను బాగానే ఉంది. నేను తిరిగి వచ్చేసరికి గంగ ఆ పొడిలో చెయ్యి పెట్టి కూర్చుని ఉంది. ఈ గింజలో నూనె లేదు అత్తా, పొడి ఇసుక మాదిరి ఉండాది అని చెప్తోంది. రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేసి, కాగిన నూనె ఒక గరిటె పెంచింది. నిప్పట్లు ఎప్పటిలా వచ్చాయి. అంజినమ్మత్త నావైపు తిరిగి, కరువు గింజ అని ఒక కొత్త పేజీ పెట్టుకుని ఇది కూడా రాసుకోమంది. ఆమె ఆ మాట మంచికే అంది. గంగ చెయ్యి తెలుసుకున్నదాన్ని నేను పోకుండా నిలబెట్టాలని ఆమె ఉద్దేశం. నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ పేజీ రాసేటప్పుడు పెన్ను ఎంత అదిమానంటే కింది పేజీకి కూడా అచ్చు దిగింది.

ఆ తర్వాత మూడేళ్ళకు అంజినమ్మత్త కళ్ళకు పొర కమ్మింది. చక్కెర జబ్బు ఎప్పటినుంచో ఉంది. అనంతపురంలో ఆపరేషనుకు రోజు ఇచ్చారు. సరిగ్గా అదే వారం బుక్కరాయసముద్రం అవతల ఒక పెద్ద భూస్వాముల ఇంట్లో పెళ్ళి. రాజకీయాల్లో తిరిగే ఇల్లు, వాకిట్లో ఎప్పుడూ నాలుగు జీపులు ఉండేవి. సారెకు మూడువేల నిప్పట్లు, వాళ్ళ ఇంట్లోనే పొయ్యిలు పెట్టి చేయాలి. ఇంటి గోడౌనులోంచి సరుకు వాళ్ళ మనిషే తూచి ఇస్తాడు, ఏదైనా కిలోల లెక్కనే, శేరు మాట వాళ్ళకు అక్కర్లేదు. అంజినమ్మత్త మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ పని మీరు చేయాలంది. ఇక తాను పొయ్యి దగ్గర ఎక్కువ కాలం నిలబడలేనని, ఆ ఇంట్లో ఎవరు ముందు నిలబడితే ఊరు వాళ్ళనే తన తర్వాత మనిషిగా చూస్తుందని కూడా చెప్పింది. నేను నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నాను. అప్పుడు ఆమె, పిండి కలిపేది గంగ, లెక్క చదివేది సుజాత అంది.

నాలుగేళ్ళ నుంచి కడుపులో దాచుకున్నది ఆ రోజు గొంతు దాకా వచ్చింది. ఆమెను అడగాలనుకున్నాను, నేను చేసిన తప్పేమిటని. అడగలేదు. అడిగితే ఆమె నిజం చెప్తుందని భయం వేసింది.

పెళ్ళింట్లో మొదటి విడతకు ఇరవై శేర్ల బియ్యప్పిండి కలపాలి. వెడల్పాటి ఇత్తడి పళ్ళెం ముందు గంగ కూర్చుంది. చుట్టూ ఆ ఇంటి ఆడవాళ్ళు, పీట మీద పెద్దావిడ. నేను పుస్తకం తెరిచి చదివాను. బియ్యప్పిండి పదమూడు కిలోలు, పుట్నాల పిండి రెండు కిలోల నాలుగువందలు. గోడౌను మనిషి తూచి పోశాడు. వేరుశనగ పొడి అయిదు శేర్లు పడాలి. వదులు లెక్కన రెండుంపావు కిలో. అదిమిన లెక్కన మూడు కిలోల రెండువందలు. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి నా చేతిరాతలోనే నన్ను చూస్తున్నాయి. పొరపాటున చదివానని చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళూ ఎవరైనా అడిగితే అలాగే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు. నేను మూడు కిలోల రెండువందలు అని చదివాను. తెలిసే చదివాను. గంగ చెయ్యి పదిమందిలో తప్పాలని చదివాను.

పొడి పళ్ళెంలో పడింది. గంగ రెండు చేతులూ పెట్టి ఒకసారి కలిపి, ఆగిపోయింది. పిండిని వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి తలెత్తి నన్ను చూసింది.

"అక్కా, ఇంకోసారి చదువు."

పుస్తకం మీది నుంచి కళ్ళెత్తకుండా మళ్ళీ అదే అంకె చదివాను. ఆ పిల్ల కాగిన నూనె పోయించుకుని, నీళ్ళు చల్లి, పిండి తడిపింది.

మొదటి బాణలిలో వేసిన నిప్పట్లు పొంగినట్టే పొంగి, అంచుల దగ్గర విచ్చుకుని, ముక్కలు ముక్కలై నురగలో తిరిగాయి. రెండో వాయి కూడా అంతే. పెద్దావిడ పీట మీది నుంచి లేచింది. అంజినమ్మ పంపిన మనుషులు వీళ్ళేనా అని ఎవరో అన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా పుస్తకం మూసుకుని గోడకు ఆనుకున్నాను. గంగ లేచి నిలబడి పెద్దావిడకు చేతులు జోడించింది. నా చెయ్యి తప్పిందమ్మా, లెక్క సరిగానే చదివినారు, ఇంకొంచెం బియ్యప్పిండి ఇప్పించండి అంది. గోడౌను మనిషి విసుక్కుంటూ పిండి తెచ్చాడు. గంగ ఎంత అని నన్ను అడగలేదు. చూపుతో, వేళ్ళతో కొలుచుకుంటూ కలుపుకుంటూ పోయి ఆగింది. తర్వాత వాయి నిప్పట్లు గుండ్రంగా తేలాయి. పని పూర్తయింది, పెళ్ళి జరిగింది, సారె పోయింది. కానీ ఊళ్ళోకి పోయిన మాట మాత్రం గంగ చెయ్యి తప్పిందనే.

అంజినమ్మత్త కంటికి పచ్చగుడ్డ కట్టుకుని తిరిగి వచ్చింది. వచ్చిన రోజే మాట ఆమె చెవిన పడింది. ఆ విరిగిన ముక్కలు ఏమైనా మిగిలాయా అని అడిగింది. గంగ ఎందుకో ఒక పొట్లం దాచి ఉంచింది. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, నమలకుండా నాలుక మీద పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పుస్తకం తెచ్చి చదవమంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పేజీ అని ఆమె అనకముందే నేను వేరుశనగ పొడి పేజీ తీశాను. శేరుకు నాలుగువందల యాభై అని చదివాను. ఇంకోసారి చదవమంది. నాలుగువందల యాభై అన్నాను. ఆమె కట్టులేని కంటితో నావైపు చూసి తలాడించింది.

"గంగ ఇంక కలపదులే. పిండి దగ్గర నువ్వు కూర్చో. పని నీది," అంది.

ఎంత కోరుకున్న మాటో అది. వినగానే ఏడుపు వచ్చింది, సంతోషంతో కాదు. నాకు శిక్ష వేసిందో, బహుమానం ఇచ్చిందో అర్థం కాలేదు. గంగ లేచి నాకు పీట జరిపింది.

అప్పటి నుంచి పని నా పేరు మీద నడిచింది. గంగ నాతోనే ఉంది, సరుకు పళ్ళెంలో పోసి ఇచ్చేది, కలిపేది నేను. ఎక్కడికైనా పోతుందేమోనని చూశాను, నిజం చెప్పాలంటే పోవాలనే కోరుకున్నాను. పోలేదు. పైగా ఒక కొత్త అలవాటు చేసుకుంది. పొద్దున సరుకు తీయగానే నా ముందు నిలబడి, వేరుశనగ పొడి ఎంత అక్కా అని అడిగేది. నేను చెప్పేదాన్ని. పుట్నాల పిండి ఎంత అనేది. చెప్పేదాన్ని. దినామూ చేసే పనే, అంకెలు మారవు, అయినా దినామూ అడిగేది. పెళ్ళింటి సంగతితో ఆ పిల్లకు తన చేతి మీద నమ్మకం పోయిందని అనుకున్నాను. నేను చేసిన పని ఆ చేతిని చంపేసిందని అనుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేని విషయం ఏమిటంటే, ఆ ఆలోచనలో సిగ్గుతో పాటు కొంచెం నెమ్మది కూడా ఉండేది. ఇక ఇద్దరం సమానం. ఇద్దరికీ తూకమే దిక్కు.

అంజినమ్మత్త ఇంకో ఆరేళ్ళు బతికింది. షెడ్డు వాకిట్లో మంచం వేసుకుని, గంగ అడగడం, నేను చెప్పడం వింటూ ఉండేది. ఒకసారి వినపడలేదని మళ్ళీ చెప్పించుకుంది. ఆమె పోయిన రోజు గంగ ఏడ్చినట్టు నేను ఏడవలేకపోయాను. ఆ ఏడుపు చూసి కూడా నాకు కళ్ళు కుట్టాయి. మరునాడు పొద్దున షెడ్డు తెరవగానే గంగ వాచిన కళ్ళతో నా ముందు నిలబడి, ఎంత అక్కా అని అడిగింది.

పోయిన నెల ఎందుకో నిలవలేకపోయాను. పెద్ద కారణం ఏమీ లేదు. గంగ కూతురు ఆరో తరగతి, సెలవని షెడ్డుకు వచ్చి పిండిలో చెయ్యి పెట్టి ఆడుకుంటోంది. గంగ ఆ పిల్లను కోప్పడి, చెయ్యి తీసి పెద్దమ్మను లెక్క అడుగు అంది. ఆ మాటకు నాలో ఏదో తెగిపోయింది. పిల్లను బయటికి పంపి, పీట మీద కూర్చుని, గంగతో అంతా చెప్పాను. ఆ పొద్దు నేను తప్పు అంకె చదివానని, తెలిసే చదివానని, నీ మీద కుళ్ళుతో చదివానని చెప్పాను. ఎనిమిదేళ్ళు మోసిన మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. గంగ నిప్పట్లు తడుతున్న చేతిని ఆపలేదు.

"తెలుసక్కా. రెండోసారి నువ్వు నా మొగం చూడకుండా చదివినావు. అప్పుడే తెలిసింది."

మరెందుకు కలిపావని అడిగాను. అంతమందిలో నీ లెక్క తప్పంటే నిన్ను ఇంక ఏ ఇంట్లోకీ రానియ్యరు కదక్కా, నా చెయ్యి తప్పిందంటే నాలుగు మాటలు పడి ఊరుకుంటా అంది. అంజినమ్మత్తకు నువ్వు చెప్పావా అని అడిగాను. తాను చెప్పలేదంది. ఆ ముక్క నోట్లో వేసుకోగానే అత్తకే తెలిసిందట. చెయ్యి తప్పితే ఒక వాయి ఒక తీరు, ఇంకో వాయి ఇంకో తీరు ఉంటుంది, ఇది తూచి చేసిన తప్పు అందట. అయితే ఇన్నేళ్ళూ రోజూ నన్ను ఎందుకు అడిగావు, నీ చెయ్యి నువ్వు నమ్మలేకనా అని అడిగాను. అప్పుడు గంగ చెయ్యి ఆపింది.

"నా చెయ్యికేమక్కా, అది బాగానే ఉండాది. అత్త అడగమనింది. నీకు తెలిసినా దినామూ దాన్ని అడుగు, నేను పోయినా మానొద్దు, సరైన లెక్క చెప్పి చెప్పి దాని నోరు కుదురుకోవాల అనింది."

నేను లేచి వాకిట్లోకి వచ్చాను. ఎనిమిదేళ్ళు ప్రతి పొద్దునా నేను గంగకు లెక్క చెప్తున్నానని అనుకున్నాను. వాళ్ళిద్దరూ కలిసి నన్ను దిద్దుతున్నారు. మంచం మీద పడుకుని వినపడలేదన్నప్పుడు ఆమెకు బాగానే వినపడి ఉంటుంది. పిండి పళ్ళెంలోనే కాదు, నా విషయంలో కూడా ఆ ఇద్దరి చేతులే ఒక్కటయ్యాయి. నన్ను బాగుచేయాలన్న ఆలోచనను కూడా ఆమె నాకు చెప్పలేదు, గంగకే అప్పగించింది. మంచి మనిషినైతే ఆ క్షణంలో కృతజ్ఞత కలగాలి. నాకు మొదట కలిగింది అసూయే. ఆమె అంతగా నమ్మిన మనిషి నేను కానందుకు, కాకుండా చేసుకున్నది నేనే అయినందుకు.

ఇప్పుడు ఎవరైనా అమ్మాయిలు పని నేర్చుకోవడానికి వస్తే నా పుస్తకం చూపిస్తాను. అదిమిన లెక్కను గీత కొట్టేయలేదు, అలాగే ఉంచాను. అది ఎందుకుందని అడిగితే చెప్తాను, పెళ్ళింటి సంగతితో సహా. తర్వాత గంగ పక్కన కూర్చోబెడతాను. కొందరికి పుస్తకం పనికొస్తుంది, కొందరికి ఆ చెయ్యి. గంగ చుట్టూ పిల్లలు మూగితే ఇప్పటికీ నా కడుపులో సన్నగా మండుతుంది. ఆ మంట ఆరుతుందని నేను ఎదురుచూడటం మానేశాను. అది ఉండగానే సరైన అంకె చెప్పడం నేర్చుకున్నాను.

అన్నీ చెప్పేసిన మరునాడు పొద్దున గంగ ఎప్పటిలాగే వచ్చి, చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చుంది. వేరుశనగ పొడి డబ్బా మూత తీసింది. నేను తూకం దగ్గర నిలబడి ఎదురుచూశాను. ఆ పిల్ల అడగలేదు. ఇక అడగాల్సిన పని లేదనుకుందేమో. వేళ్ళ సందుల్లోంచి పొడి పళ్ళెంలోకి రాలుతోంది. అడగకపోయినా నేనే పైకి చెప్పాను, శేరుకు నాలుగువందల యాభై అని. గంగ తలెత్తి చూసి సరే అక్కా అంది. ఆ చెయ్యి అప్పటికే ఆగిపోయి ఉంది. పళ్ళెంలో పడ్డ శేరు పొడిని తీసి తూచాను. నాలుగువందల యాభై.